అలలు లేని చోట

డయానా విజయవాడలో పిల్లలకు ఈత నేర్పే కోచ్. రాష్ట్ర పోటీల్లో రెండుసార్లు పతకం తెచ్చుకున్న మనిషి. పామర్రులో మందుల షాపు నడిపే తమ్ముడు ఆరోన్, ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆమెను బండి మీద దివిసీమ దాటించి సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. అతనికి ఈత రాదు.

మనిషెత్తు అలలు వరసగా లేచి విరుగుతున్నాయి. ఒక్కచోట మాత్రం వాటి మధ్య వెడల్పాటి సందులో నీళ్ళు నురగ లేకుండా నిమ్మళంగా ఉన్నాయి.

"అక్కడైతే అలలు లేవురా. కాసేపు ఈదొస్తా," అంది డయానా.

"మరీ లోపలికెళ్ళకక్కా."

నడుము లోతుకు వచ్చిందో లేదో కాళ్ళ కింద ఇసుక జారిపోయింది. వెనక్కి తిరిగి ఈదింది. ఎంత బలంగా ఈదినా ఒడ్డు దూరమవుతూనే ఉంది. అలలు మోసుకొచ్చిన నీరంతా ఈ సందులోంచే నదిలా తిరిగి పోతోందని అప్పుడు తెలిసింది. చేతులు బరువెక్కాయి. భయమేస్తే ముందు తేలాలని పిల్లలకు రోజూ చెప్పేది. వెల్లకిలా తిరిగి తేలింది.

అప్పుడు సముద్రం ఆమెను ఎత్తింది. ఇంకా విరగని పెద్ద అల, చప్పుడు లేకుండా, ఆకాశం వైపు లేపింది. అంత ఎత్తు నుంచి సరుగుడు తోపులూ, ఒడ్డంతా కనిపించాయి. మరుక్షణం లోయలోకి దించింది. చుట్టూ నీటి గోడలు, పైన కాస్తంత ఆకాశం. ఇంత బలానికి తన మీద కోపమూ లేదు, దయా లేదు. భయం మధ్యలోనే ఆమెకు ఒళ్ళు గగుర్పొడిచింది. చిన్నప్పటి నుంచీ చర్చిలో వింటున్న అగాధం అనే మాట ఇప్పుడు తన వీపు కింద ఉంది.

మళ్ళీ పైకి లేచినప్పుడు, ఆరోన్ ఒడ్డు వెంట పరుగెడుతూ తువ్వాలుతో పక్కకు సైగ చేయడం కనిపించింది. అటు అలలు తెల్లగా విరుగుతున్నాయి. నేరుగా ఒడ్డు వైపు కాక, దాని వెంబడే అడ్డంగా ఈదింది. లాగుడు వదిలింది. ఒక అల ఆమెను మోసుకొచ్చి ఇసుకలో పడేసింది.

ఆరోన్ చేయి పట్టి లేపాడు. "అటు వైపు స్నానాలు చేసేవాళ్ళని అలలు ఒడ్డుకు తోసేస్తుంటే చూశానక్కా," అన్నాడు.

ఇంతలో కారు దిగిన ఒక కుటుంబం ఆ నిమ్మళమైన నీళ్ళ వైపు నడవసాగింది. డయానా తడిబట్టలతోనే ఎదురెళ్ళింది.

"అక్కడ దిగకండమ్మా. లోపలికి లాగేస్తది."

"మరి మీరెట్టా వచ్చారు?" అడిగింది వాళ్ళలో పెద్దావిడ.

"సగం నేనొచ్చాను. మిగతా సగం సముద్రమే తెచ్చి వదిలిందండి."

పెద్దావిడ పిల్లల్ని దగ్గరికి లాక్కుంది. అందరూ ఇసుకలో కూర్చుని సముద్రాన్ని చూస్తూ ఉండిపోయారు.