ఎర్ర చుక్క ఎన్నిసార్లు వెలిగింది

"పదింటికి బండి తియ్యాలక్కా. సంతకం పెట్టెయ్," అంటూ తమ్ముడు కాగితం నా బల్ల మీదికి తోశాడు.

వాడు బస్సు డ్రైవరు. నేను నిద్ర పరీక్షలు చేసే ల్యాబులో టెక్నీషియన్ని. మొన్న వాడి బస్సు డిపో గోడకి రాసుకుంది. నిద్ర సరిపోతోందని మా ల్యాబు సంతకం తెస్తే తప్ప స్టీరింగు ముట్టుకోనివ్వనని మేనేజరు తేల్చేశాడు. ఇవాళ బండి తియ్యకపోతే ఉద్యోగం ఊడుతుంది. తీస్తే కొండదారిలో నలభై మంది ప్రాణాలు వాడి చేతిలో ఉంటాయి. ఇంట్లో నెలల పిల్ల, పైగా రోజుకి రెండేసి డ్యూటీలు. వాడి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"ముందు పరీక్షకి కూర్చో."

"తోడబుట్టినదానివి, ఆమాత్రం సాయం చెయ్యవా?"

"తోడబుట్టాను కాబట్టే కూర్చోమంటున్నా."

అదేం బ్రహ్మవిద్య కాదు. పది నిమిషాలు తెర వంక చూస్తూ, ఎర్ర చుక్క వెలగగానే మీట నొక్కాలి. నేను పరీక్ష గది అద్దానికి ఇవతల నిలబడ్డాను. నాలుగో నిమిషంలో మరోసారి చుక్క వెలిగింది. వాడి కళ్ళు తెరిచే ఉన్నాయి, వేలు మాత్రం కదల్లేదు. చుక్క మూడు సెకన్లు ఉండి ఆరిపోయింది. ఆ మూడు సెకన్లలో బస్సు ఎంత దూరం పోతుందో మనసులో లెక్కేసుకున్నాను.

"ఒక్కటీ వదల్లేదు!" అన్నాడు బయటికొస్తూనే.

"ఆరు వదిలావు."

"నీ మిషనుకే బుద్ధి లేదు. నేను కళ్ళు మూస్తే కదా!"

"కళ్ళు తెరిచున్నా మెదడు కాసేపు ముక్కలుముక్కలుగా నిద్రపోతుందిరా. పేరుకున్న చెత్త ఊడ్చుకోడానికీ, నేర్చుకున్నది దాచుకోడానికీ దానికి నిద్ర కావాలి. నువ్వివ్వకపోతే అదే లాక్కుంటుంది. నీకు చెప్పి మరీ లాక్కోదు."

"పాఠాలొద్దు. దమ్ముంటే నువ్వు కూర్చో. నువ్వు ఒక్కటీ వదలకపోతే మిషను మంచిదేనని ఒప్పుకుంటా."

నాకు ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని నాకే నేర్పుతాడా! వరసగా నాలుగు రాత్రులు ఊళ్ళోవాళ్ళ నిద్రకి కాపలా కాసిన మాట నిజమే, కానీ అది నాకు అలవాటే. వెళ్ళి కూర్చున్నాను. చుక్క వెలిగినప్పుడల్లా టక్కున నొక్కాను.

"చూశావా? అన్నీ పట్టాను," అన్నాను బయటికొచ్చి, నడుం మీద చెయ్యేసుకుని.

వాడు లెక్కలు చూపే తెర నా వైపు తిప్పాడు. వదిలినవి తొమ్మిది.

"నిన్నే చూస్తూ నిలబడ్డానక్కా," అన్నాడు. "కళ్ళు ఇంతేసి తెరుచుకుని ఉన్నావు. భయమేసి అద్దం మీద కొట్టాను కూడా."

నాకేమీ వినపడలేదు. ఆ మాటే వాడితో అన్నాను. నాకు నిజంగా భయమేసింది.

వాడే ఫోను తీశాడు. "సార్, ఇవాళ నేను బండి తియ్యలేను. నిద్రలేదు."

'అయితే రేపట్నుంచీ రాకు' అన్న కేక నాకూ వినిపించింది. వాడు ఫోను పెట్టేసి, బల్ల మీదున్న నా స్కూటరు తాళాలు జేబులో వేసుకున్నాడు.

"నడిచే పోదాం పద," అన్నాడు.