సీలు తెగని సీసా

నేను ఒక మెలటోనిన్ మాత్రల సీసాను. డాక్టరు చీటీ లేకుండా దొరికే నిద్ర సరుకులో నా అంత గొప్పది లేదని పుట్టినరోజే నమ్మాను. హైదరాబాదు శివార్లలోని ఫ్యాక్టరీలో అరవై మాత్రలు నా కడుపులో పోసి, మూతకు సీలు వేసి, ఒంటి మీద నెలవంక బొమ్మ అంటించారు. అంత అందం ఉన్నాక పొగరు ఉండదా?

అట్టపెట్టెలో తణుకు చేరాను. హేమలత గారి మెడికల్ షాపులో అద్దాల బీరువా నా కాపురం. ఒక పక్క అశ్వగంధ, ఇంకో పక్క మెగ్నీషియం. మనుషులు మమ్మల్ని ఎంచుకునే తీరు చూస్తే నవ్వొచ్చేది. బావమరిది చెప్పాడని ఒకరు, ఆకులూ వేళ్లూ ఏం చేస్తాయిలే అని ఒకరు, సీసా పెద్దదని మరొకరు. తమ ఒంటికి ఏం కావాలో మాత్రం అడగరు.

ఒక సాయంత్రం స్కూలు బస్సు డ్రైవరు యేసుపాదం వచ్చాడు. ఆ ఉదయం పిల్లలతో వెళ్తూ, రైల్వే గేటు దగ్గర బస్సు ఆపి స్టీరింగు మీదే కునికాడట. వెనక హారన్లు మోగితే మెలకువ వచ్చిందట.

"నిద్ర చాలట్లేదండి. నిద్ర పట్టుద్దని ఎవరో జలుబు మాత్ర ఏసుకోమంటే వారం నుంచి ఏసుకుంటన్నానండి. పొద్దున్న ఇంకా మత్తుగా ఉంటంది. మంచిదేదైనా ఇవ్వండి మేడమ్."

ఇక నా వంతే అనుకుని మెడ నిక్కించాను.

హేమలత గారు ముందు అతని చేతిలోని ఆ జలుబు మాత్రలు తీసేసుకున్నారు. "వీటి మత్తు తెల్లారినా దిగదండి. గురక పెడతారా?"

"ఇల్లెగిరిపోద్దండి! మజ్జలో ఊపిరాగి ఉలిక్కిపడతానని మా ఆవిడంటది. అంత గాఢంగా పడుకున్నా చాలట్లేదండి."

నా దాకా వచ్చిన ఆవిడ చెయ్యి బీరువా తలుపు మూసేసింది.

"అలా ఊపిరాగే గురక మంచి నిద్ర కాదు యేసుపాదం గారూ. ఈ సీసాల్లో ఏదీ మీకివ్వను. డాక్టరుకి చూపించుకోండి. ఆయన సరేననే దాకా బస్సు ఎక్కొద్దు."

"అన్ని రోజులంటే స్కూలోళ్లు ఊరుకోరండి..."

"వాళ్లతో నేను మాట్లాడతాను. మీ బస్సులో రెండో సీటు మా పాపదండి."

అతను తలూపి వెళ్లిపోయాడు.

నాకు మాత్రం ఒళ్లు మండింది. వచ్చిన బేరం చెడగొట్టిందని ఆవిడను చాలా రోజులు తిట్టుకున్నాను. ఇప్పుడు నా గడువు తీరింది. కంపెనీకి వాపసు పంపే పెట్టెలో, గుమ్మం పక్కన ఉన్నాను. రోజూ ఎనిమిదింటికి పసుపు బస్సు ఆగుతుంది. వైద్యం చేయించుకుని వచ్చిన యేసుపాదం "నిదానంగా ఎక్కమ్మా" అంటాడు. పాప ఎక్కుతుంది.

నేను గొప్ప సరుకునే, అందులో ఇప్పటికీ అనుమానం లేదు. నా అరవై మాత్రల్లో ఒక్కటీ ఎవరినీ నిద్రపుచ్చలేదు. అతని కళ్లు మాత్రం చక్కగా తెరుచుకుని ఉన్నాయి.