బ్రేక్, లేచి నిలబడు

నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పే స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్‌లో ఎవరినీ పేరుతో పిలవరు. యజమాని అమర్నాథ్ గారు ఒక్కొక్కరికీ ఒక క్రియాపదం పంచిపెడతారు. డెమో రోజున ఎవరి పదాన్ని వాళ్లు మూడు రూపాల్లో గడగడా అప్పజెప్పాలి. అది విని తల్లిదండ్రులు తమ పిల్లల్ని చేర్పిస్తారు.

కుల్సుంకు ‘బ్రేక్’ వచ్చింది. ఆమె భర్త మెకానిక్. సోమవారం ఆమెకు ఒక ఆసుపత్రిలో రిసెప్షన్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ ఉంది. నిన్న చేసిన పని, రోజూ చేసే పని, ఇప్పుడు చేస్తున్న పని ఇంగ్లిష్‌లో వేరువేరుగా ఎలా చెప్పాలో నేర్పమని వారమంతా నన్ను అడిగింది. డెమో అయ్యేదాకా కొత్త పాఠం వద్దని అమర్నాథ్ గారు ఆపేశారు. ఆమె బ్రేక్, బ్రోక్, బ్రోకెన్ అంటూనే ఉంది.

ఆదివారం హాలు నిండింది.

“బ్రేక్, లేచి నిలబడు” అన్నారాయన మైకులో. కుల్సుం తప్పు లేకుండా అప్పజెప్పింది. చప్పట్లు కొట్టారు. కూతుర్ని చేర్పించడానికి వచ్చిన మస్తాన్‌రావు అనే రైతు మాత్రం కొట్టలేదు.

“అది సరే అమ్మాయ్, నిన్న ఏం చేశావో ఇంగ్లీషులో చెప్పు.”

ఆమె నోరు తెరిచేలోపే అమర్నాథ్ గారు అందుకున్నారు. “మెకానిక్ గారి భార్య కదండీ. బ్రేకొకటే బిగించాం, మిగతా పార్టులు ఇంకా రాలా.”

హాలంతా నవ్వింది. కుల్సుం కూర్చోలేదు. చున్నీ అంచు పట్టుకుని నేలకేసి చూస్తోంది.

నేను కూర్చున్నచోటి నుంచి లేచాను. వెళ్లి ఆయన చేతిలోంచి మైకు లాక్కున్నాను.

“ఆమె పేరు కుల్సుం. నేర్పనీకుండా ఆపింది మీరు. నవ్వేదీ మీరేనా?”

ఆయన మైకు ఆపించి, నన్ను రేపటినుంచి పనిలోకి రావద్దన్నారు. నేను ఒక కుర్చీ లాక్కుని వరండాలోకి వచ్చాను. కుల్సుం ఇంకో కుర్చీ తెచ్చుకుంది.

నిన్నటి పని చెప్పమంటే ‘ఐ డిడ్ వెంట్ టు మార్కెట్’ అంది. మామూలుగా చెప్పడానికి వెంట్ ఒక్కటే చాలన్నాను. వెళ్లలేదు అనాలన్నా, వెళ్లావా అని అడగాలన్నా డిడ్ వస్తుంది. అప్పుడు వెంట్ మళ్లీ గో అయిపోతుంది. రోజూ వండితే ఐ కుక్, కూర ఇప్పుడు పొయ్యి మీదుంటే ఐయామ్ కుకింగ్. ఆమె బట్టలుతకడం, పిల్లాణ్ణి బడికి పంపడం, అన్నీ అలాగే మార్చి చెప్పింది. రేపటినుంచి నాకు ఉద్యోగం లేదని గుర్తొచ్చి, పాఠం ఆపి కళ్లు తుడుచుకున్నాను.

“ఏడుపు తర్వాత. ముందు గో, వెంట్ తర్వాతొచ్చే ఆ హ్యావ్ గాన్ సంగతేందో చెప్పక్కా” అంది కుల్సుం.