కనుమ మీద నాలుగు లైట్లు

మెదెర్‌కి ఒక తెగులుంది. తనకి తెలిసిన పని గురించి ఇంకొకళ్ళు ఒక్క ముక్క చెప్పినా, ఆ ముక్క ఎంత మంచిదైనా సరే, దానికి ఎదురు చేసి తీరతాడు. చెప్పింది పెళ్ళామైతే ఇంక అడగక్కర్లేదు.

ఆ వేసవిలో అతనొక పాత రష్యా జీపు కొన్నాడు. రాళ్ళ మీద గెంతుకుంటూ పోతుందని వాళ్ళ కొండ ఊరు ఆత్‌బాషీలో దాన్ని అందరూ ‘మేక’ అంటారు. ఆ మేక నెత్తిన, ముందు అద్దానికి పైన, నాలుగు పెద్ద లైట్లు బిగించాడు. అతను బిగిస్తుంటే భార్య అసిల్ పెరట్లో ఉన్ని దులుపుతూ చూసింది. ఆవిడ తండ్రి ట్రాక్టర్ల షెడ్డులో కరెంటు పని చేసేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన టార్చి పట్టుకుని నిలబడి పెరిగిన పిల్ల.

“ఏమయ్యా, నాలుగు లైట్ల కరెంటూ ఆ చిన్న స్విచ్చిలోంచే పంపిస్తావా?” అంది.

“ఏం, దానికి నొప్పేస్తుందా?”

“కాలుతుంది. మధ్యలో రిలే పెట్టు. స్విచ్చి రిలేని లేపితే చాలు, అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో రిలేకి, అక్కణ్ణుంచి లైట్లకి పోతుంది. బరువు మొయ్యాల్సింది గుర్రం, కళ్ళెం కాదుగా! బ్యాటరీని ఆనుకునే ఫ్యూజు పెట్టు. రేకులో తొలిచిన కంతకి రబ్బరు వెయ్యి, లేకపోతే ఆ అంచు తీగని కోసేస్తుంది.”

“నేను పటాలంలో ట్యాంకులకే తీగలు లాగినవాణ్ణి. నువ్వు నీ ఉన్ని దులుపుకో.”

దులుపుకుంది. కానీ తర్వాత బజారుకెళ్ళినప్పుడు రిలే, ఫ్యూజు, ఒక చుట్ట లావు ఎర్ర తీగ, టేపు, రబ్బరు రింగు కొనుక్కొచ్చి, అన్నీ ఖాళీ టీ డబ్బాలో సర్ది, గుడ్డ కట్టి జీపు వెనక సీటు కిందికి తోసేసింది. మెదెర్ చూశాడు. చూడనట్టే ఊరుకున్నాడు. లైట్లు వేసిన ప్రతిసారీ జీపులో ముందునుంచీ ఉన్న ఫ్యూజు పోతుంటే విసుగొచ్చి, దాని చోట లావాటి రాగి ముక్క దూర్చేశాడు. అక్కడి డ్రైవర్లందరికీ అలవాటైన పనే, దానికి ‘పురుగు’ అని ముద్దుపేరు కూడా ఉంది. పురుగు పెట్టాక ఫ్యూజు కాలడమన్నది ఉండదు. కాలాల్సింది ఇంకేదో కాలుతుంది, అంతే.

చలికాలం ముందు మందలు కిందికి దిగే రోజులొచ్చాయి. మెదెర్ గొర్రెల మంద పైన ఆక్‌సాయ్ మైదానంలో ఉంది, మందతో అసిల్ ఉంది. “మా ఇంట్లో గుర్రమెక్కేది కోడలు, మేకనెక్కేది కొడుకు” అని మెదెర్ తల్లి బురుల్ ఊరంతా చెప్పుకుని నవ్వేది. గుర్రం మీద అసిల్‌కి సాటి రాలేనని మెదెర్‌కీ తెలుసు. కబురు ముందే పంపింది అసిల్. ఫలానా రోజు సాయంత్రానికి కనుమ దగ్గరికొస్తాను, వేడి టీ పట్టుకుని ఉండు, మబ్బు పడితే లైట్లు వెయ్యి, దారికి కుడిపక్క లోయ ఉంది గదా, లైటు చూసుకునే మందని తోలుకొస్తానని.

నేనూ వస్తానని బురుల్ పట్టుబట్టింది. బయల్దేరే ముందు రేకు డబ్బాలో నిప్పులేసి, కొండ దేవదారు రెమ్మలు పరిచి, జీపు చుట్టూ ధూపం తిప్పింది. “అలాస్, అలాస్, అన్ని పీడలూ పోవాలి” అంటూ చక్రాలకి, తలుపులకి, కొడుకు నెత్తికి కూడా పట్టింది. అంతటితో ఆగక ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఎక్కి కూర్చుంది.

“అమ్మా, బండి తగలబెడతావా ఏంటి?”

“నోరు ముయ్యి. కనుమ మీద పట్టాల్సిన ధూపం ఇంకా ఉంది.”

కనుమ ఎక్కేసరికి మంచు మొదలైంది. మొదలవడం ఏమిటి, పైనెవరో బస్తా మూతి విప్పి కుమ్మరించినట్టు పడింది. పొద్దు ఉండగానే చీకటైపోయింది. గాలి ఎడమ నుంచి కుడికి, లోయ వైపుకి తోస్తోంది. మంచుగాలిలో గొర్రెకి బుద్ధుండదు. గాలికి వీపు తిప్పి, అది ఎటు తోస్తే అటు నడుస్తుంది. మంద లోయకి నడిస్తే అసిల్ దాన్ని వదిలి రాదు.

ఇంజను ఆపకుండానే లైట్ల స్విచ్చి నొక్కాడు.

అబ్బ! ఎన్నిసార్లు వేసినా ఆ వెలుగు చూస్తే అతనికి ఒళ్ళు పులకరించేది. నాలుగు తెల్లటి దూలాల్లా చీకట్లోకి పోయింది. ఆ వెలుగులో ప్రతి మంచు రేకూ విడివిడిగా తిరుగుతోంది. బురుల్ కూడా రెప్ప వెయ్యడం మర్చిపోయింది.

“ఇది ఆ మైదానం దాకా కనిపిస్తుందిరా” అంది.

“కనిపించాలనేగా పెట్టింది.”

అలా కూర్చున్నారు. బురుల్ వేళ్ళతో రెమ్మల్ని నలిపి డబ్బాలో వేస్తూ, పెదాల కిందే ఏదో చదువుకుంటోంది. జీపంతా పొగ.

“ఏంటమ్మా, ఇవాళ నీ ధూపం మరీ ఘాటుగా ఉంది?”

“కొండ మొక్క. ఘాటుగానే ఉంటుంది. పీడ ఘాటుకే పోతుంది.”

“రబ్బరు వాసనేస్తోంది.”

“నీ ముక్కే రబ్బరు. కనుమ మీద కూర్చుని ధూపానికి వంకలు పెట్టకు, కళ్ళు పోతాయి.”

పెట్టలేదు. కళ్ళు మండుతున్నా, గొంతు గరగరలాడుతున్నా, అమ్మ ధూపమే కదా అనుకున్నాడు. ధూపం వాసనంటే ఆ మనుషులకి అమ్మ కొంగు వాసనతో సమానం, దాన్ని ఎవరు అనుమానిస్తారు? కొంచెంసేపటికి బురుల్ ఒళ్ళోకి చూసుకుంది. డబ్బాలో చెయ్యి పెట్టింది. చల్లటి బూడిద.

“ఒరేయ్” అంది. “నాది ఆరిపోయి చాలాసేపైందిరా.”

అప్పుడు వంగి చూశాడు మెదెర్. స్విచ్చి కింద నుంచి పొగ తాడులా లేస్తోంది. లైట్లు పసుపుపచ్చగా తిరిగాయి, ఎర్రబడ్డాయి, పోయాయి. మీటర్ల కింద బుస్సుమని మంట లేచింది. పెట్రోలు ట్యాంకేమో వాళ్ళు కూర్చున్న సీటు కిందే ఉంది!

“దిగమ్మా! దిగు!”

దిగలేదావిడ. ఒంటి మీదున్న గొర్రెతోలు కోటు విప్పి మంట మీద అదిమి పట్టింది. మెదెర్ బయటికి దూకి, బోనెట్ ఎత్తి, బ్యాటరీ తీగని వట్టి చేతుల్తో పీకేశాడు. అరచెయ్యి కాలింది. మంట చచ్చింది, ఇంజనూ చచ్చింది.

చీకటి. గాలి హోరు తప్ప ఏమీ లేదు. ఆ చీకట్లో ఎక్కడో అసిల్ ఉంది, ఇందాకటిదాకా ఈ వెలుగే చూసుకుంటూ నడిచింది.

“అసిల్! అసిలూ!” అని అరిచాడు మెదెర్. గాలి ఆ అరుపుని నోటి దగ్గరే కొట్టేసింది. టార్చి తీసుకుని పరిగెత్తబోతే తల్లి చొక్కా పట్టుకుని లాగింది.

“నువ్వూ పోతే నేనెవరికి ఏడవాలిరా? అక్కడికెళ్ళి ఏం చేస్తావ్? వెలుగు పట్టు. ఆ పిల్లకి కావలసింది నువ్వు కాదు, వెలుగు.”

“దేంతో పట్టనమ్మా! తీగలన్నీ కాలిపోయాయి. హెడ్‌లైట్లవీ కాలిపోయాయి. నా దగ్గర ఏముంది, ఏమీ లేదు...”

అంటూనే ఆగిపోయాడు. వెనక తలుపు తీసి, సీటు కింద చెయ్యి పెట్టి, టీ డబ్బా బయటికి లాగాడు. గుడ్డ ముడి పళ్ళతో విప్పాడు. ఎర్ర తీగ చుట్ట నీటుగా, రిలే, ఫ్యూజు, నల్ల టేపు. మెదెర్‌కి ఏడుపాగలేదు. ఎర్ర తీగ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“తర్వాత ఏడుద్దువుగాని” అంది బురుల్, టార్చి తీసుకుని పక్కన నిలబడి. “ముందు పని చూడు.”

ఉన్ని దులుపుతూ అసిల్ చెప్పిన మాటలు ఒక్కటీ మర్చిపోలేదతను. విననట్టు నటించాడు గానీ విన్నాడు. బ్యాటరీని ఆనుకుని ఫ్యూజు కలిపాడు. అక్కణ్ణుంచి లావు తీగ రిలేకి, రిలే నుంచి లైట్లకి. కరిగిపోయిన స్విచ్చి చోట హీటరు స్విచ్చి ఊడబీకి పెట్టి, సన్న తీగ ఒకటి రిలేకి లాగాడు. ఇంక తీగని రేకు కంతలోంచి పైకి తియ్యాలి. ఆ కంతే కొంప ముంచింది. దాని అంచు మీద పాత తీగ తోలు ఒలిచినట్టు ఒలుచుకుపోయి ఉంది. డబ్బాలో ఒక రబ్బరు రింగు ఉంది గానీ, మెదెర్ తొలిచిన కంత దానికి మూడింతలుంది.

“రబ్బరు కావాలి. లావాటిది” అన్నాడు.

బురుల్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. మెత్తటి తోలు బూటు పైన తొడుక్కున్న రబ్బరు జోడు ఒకటి ఊడదీసి చేతికిచ్చింది.

“కొయ్యి.”

“అమ్మా, మంచులో కాలు గడ్డకట్టిపోతుంది!”

“నాకింకో కాలుంది. నీకింకో పెళ్ళాం ఉందా?”

కోశాడు. జోడు మడమ ముక్క చీల్చి కంతకి చుట్టూ తొడిగి, తీగకి చుట్టి, టేపు వేశాడు. గట్టిగా గుంజి చూశాడు, అంచు ఎక్కడా తీగకి తగల్లేదు. బ్యాటరీ తీగ తగిలించి, ముందుకెళ్ళి హ్యాండిల్ దూర్చి తిప్పాడు. ఇంజను దగ్గి పడుకుంది. మళ్ళీ తిప్పాడు. కాలిన అరచెయ్యి చర్మం హ్యాండిల్‌కి అంటుకుపోతున్నా తిప్పాడు. దాన్నీ, దాన్ని కన్న ఫ్యాక్టరీనీ, తన తెలివినీ బూతులు తిడుతూ తిప్పాడు. మేక ఒళ్ళు విరుచుకుని లేచింది.

స్విచ్చి నొక్కాడు. బోనెట్ కింద రిలే ‘టక్’ మంది. నాలుగు లైట్లూ వెలిగాయి.

వెలుగులో మంచు తప్ప ఏమీ లేదు. చాలాసేపు ఏమీ లేదు. మెదెర్ స్విచ్చి మీద వేలు పెట్టి చూశాడు, చల్లగా ఉంది. బురుల్ రెండు అరచేతులూ ఆకాశానికి పట్టుకుని కూర్చుంది.

ముందు గంట వినిపించింది. మందకి ముందు నడిచే మేకపోతు మెడలో గంట. తర్వాత చీకట్లో, వెలుగు చివర, పచ్చటి నిప్పుకణికలు రెండు. వాటి వెనక పది, వాటి వెనక వంద. మెదెర్ కిందికి దిగి నిలబడిపోయాడు. కొండంతా కళ్ళు! ఆకాశంలో చుక్కలన్నీ నేల మీదికి దిగి, తన వైపే నడిచొస్తున్నట్టుంది. చప్పుడు లేదు, డెక్కలు మంచులో మునుగుతున్నాయి. గొర్రెల వీపుల మీద మంచు, ఊపిరి మీద వెలుగు. మేకపోతు సూటిగా వచ్చి అతని మోకాలికి తల ఆనించింది. దాని వెనక మంద వస్తూనే ఉంది, వస్తూనే ఉంది. పుట్టి బుద్ధెరిగాక గొర్రెల్ని చూడని రోజు లేదతనికి. అయినా ఆ వేళ అరచేతులు వాటంతటవే పైకి తెరుచుకున్నాయి.

“దేవుడా” అంది బురుల్.

చిట్టచివర గుర్రం వచ్చింది. జీను మీద ఎవరూ లేరు.

గుర్రం తల ఊపుతూ వెలుగులోకి నడిచింది. దాని తోక పట్టుకుని, వెనకాల, నడుం దాకా మంచుతో అసిల్ వచ్చింది. కూర్చుంటే కాళ్ళు గడ్డకడతాయని దిగి నడుస్తోంది. దగ్గరికొచ్చి, తోక వదిలి, మొగుణ్ణి చూసింది.

“మధ్యలో ఆరిపోయింది” అంది.

“ఆరిపోయింది” అన్నాడు మెదెర్.

“సరిగ్గా లోయ అంచుకొచ్చాం అప్పుడే. మేకపోతు కొమ్ములు పట్టుకుని ఆపేశా. అది ఆగితే మంద ఆగింది.”

“ఆ గాలిలో ఆగావా? గడ్డకట్టి చచ్చేదానివే! లైటు మళ్ళీ రాకపోతే?”

“ఎందుకు రాదు? నువ్వు పురుగు పెట్టావని నాకు తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు కాలుతుందనీ తెలుసు. ఆరగానే అనుకున్నా, ఇదిగో కాలింది. ఇప్పుడు అరుస్తుంటాడు. ఇప్పుడు నా కోసం పరిగెత్తబోతే అత్తయ్య పట్టుకుని ఉంటుంది. ఇప్పుడు డబ్బా తెరిచాడు, ఇప్పుడు ఏడుస్తున్నాడు. ఇప్పుడు ఫ్యూజు, ఇప్పుడు ఎర్ర తీగ. మా నాన్న పక్కన నిలబడ్డదాన్ని గదా, దేనికెంతసేపు పడుతుందో తెలుసు. నువ్వక్కడ ఒక్కో తీగా కలుపుతుంటే నేనిక్కడ నీతో పాటే కలుపుతూ నిలబడ్డా. అలా నిలబడితే చలి తెలియలేదు.” కాస్త ఆగింది. “చివర్లో మాత్రం ఆలస్యం చేశావ్. అప్పుడు భయమేసింది. ఎందుకని?”

బురుల్ ఉత్త తోలుబూటు కాలుని, మళ్ళీ కప్పుకున్న మాడిన కోటు కిందికి లాక్కుంది. అసిల్ చూడనే చూసింది. మంచులోనే చతికిలబడి, అత్త కాలు తీసి తన కోటు లోపల, పొట్టకి ఆనించి పెట్టుకుంది.

“చల్లగా లేదే నీకు?” అంది బురుల్.

“నాకేం, ఇప్పుడు వెలుగులో ఉన్నాగా అత్తయ్యా.”

టీ తాగాక అసిల్ లేచి గుర్రం కళ్ళెం అందుకుంది. “హెడ్‌లైట్లు పోయాయా?”

“పోయాయి.”

“అయితే నువ్వు ముందు పోకు. మంద ముందు నడుస్తుంది, నేను మందతో ఉంటా. నువ్వు మా వెనకే మెల్లగా దిగుతూ వెలుగు పట్టు.”

ఎదురు చెప్పడానికి మెదెర్ నోరు తెరిచాడు, అలవాటు గదా. భార్య మంచు పట్టిన కనురెప్పల కేసి చూశాడు.

“పడతా” అన్నాడు.

ఊరొచ్చేదాకా పట్టాడు.