హరీష్ చర్మానికి పరామర్శ

కోవా కోసం కాగుతున్న పాల బాణలి ఒరిగి, మా ఆయన హరీష్ కుడిచేయి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిపోయింది. పుంగనూరు నుంచి కుప్పంలోని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తొడ మీద గోరంత చర్మం తీసి, అందులోని కణాలను గాజుపళ్లెంలో పెంచి, కొత్త చర్మం చేసి అతికిస్తామన్నారు. అది సరిపోకపోతే చేయి ముడుచుకుపోతుంది, ఇక పాలు పిండలేడు.

మా అత్త వెంకటరత్నమ్మకు మాత్రం ఒకటే మాట చెవికెక్కింది: తన కొడుకు పళ్లెంలో ఉన్నాడని.

మర్నాటి నుంచి పరామర్శలు మొదలయ్యాయి. మా వైపు, ఒంట్లో బాగోలేని మనిషిని చూడ్డానికి వట్టి చేతులతో వెళ్ళకూడదు. చౌడేపల్లె నుంచి వచ్చిన చుట్టాలు బ్రెడ్డూ అరటిపళ్ళూ పట్టుకుని, హరీష్ మంచం పక్కనుంచే నేరుగా ల్యాబుకు పోయారు. మదనపల్లెలో టమోటా మండీ నడిపే మా చిన్నమామ రెడ్డెప్ప మైక్రోస్కోపులో కన్ను పెట్టి, "అచ్చం వాళ్ళ నాయన పోలికే" అని కళ్ళు తుడుచుకున్నాడు. మేనత్త ఒకామె పళ్లెం మూతకు దిష్టిచుక్క పెట్టింది.

"నేను ఈడుండానప్పా!" అని హరీష్ మంచం మీద నుంచి అరిచాడు.

"నీకేమిరా, గుండ్రాయి మాదిరి ఉండావు. ఆడుండేది పసివాళ్ళు" అని రెడ్డెప్ప కసిరాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ల్యాబు చూసే ఎరిక్ మొహమాటస్తుడు, ఎవరినీ పొమ్మనలేడు. పైగా అడిగినవాళ్ళకల్లా విడమరిచి చెప్పేవాడు. "కాల్షియం తక్కువుంటే ఇవి ఒకటికి రెండవుతా పెరుగుతానే ఉంటాయమ్మా. ఎక్కువైతే కణం లోపలికి కబురు పోతాది. అప్పుడు ఒకదాన్నొకటి పట్టుకుని, పొరలు కట్టి ముదురుతాయి. ముదిరినాక ఇంక పెరగవు."

"అంటే నా బిడ్డను కాల్షియం లేకుండా పస్తు పెడతాండారా?" అంది అత్త.

"పస్తు కాదమ్మా. ఇంకొన్నాళ్ళాగితే చేతికి సరిపోయేన్ని అవుతాయి. అప్పుడు మేమే కాల్షియం పెంచుతాం."

ఆమె నమ్మలేదు. ఈనిన ఆవు కూలబడితే కాల్షియం ఎక్కించగానే లేచి నిలబడటం ఆమె కళ్ళారా చూసింది. పాడి ఉన్న ఇంట్లో అంతకంటే రుజువు ఎవరిక్కావాలి? ఎరిక్ టీకి వెళ్ళినప్పుడు కొంగుచాటు నుంచి ఆవుల కాల్షియం సీసా తీసి, "తాగండి నాయనా" అంటూ పళ్లెంలో పోసింది.

తెల్లారేసరికి కణాలు పెరగడం మానేశాయి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, పొరలు కట్టి, బుద్ధిగా ముదిరిపోయాయి. అవి ఎలా బతికాయో, అందులో క్రిములెందుకు చేరలేదో ఎరిక్‌కు ఇప్పటికీ అంతుపట్టదు. చర్మం మాత్రం తమలపాకంత తయారైంది. కాలిన చేయేమో జానకు పైనే.

"ఉన్నదాన్ని మోచేతి మడతలో వేస్తాం, చేయి వంగడానికి. మిగతాదానికి మళ్ళీ తొడ కోసి మొదట్నుంచీ పెంచాలి" అన్నాడు డాక్టరు.

"మళ్ళా కోస్తారా?" అన్నాడు హరీష్. గోడవైపు తిరిగి ఏడ్చాడు. మా పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఏడవడం నేను చూడలేదు.

"నాది తీసుకోండి సార్. ఒళ్ళంతా తీసుకోండి" అంది అత్త.

"నీది నీ కొడుకు ఒంటికి నిలవదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆ సాయంత్రం ఆమె ల్యాబు వైపు వెళ్ళలేదు. పాలగ్లాసు పట్టుకుని మొదటిసారి కొడుకు మంచం దగ్గరకు వచ్చింది. తాగించబోయి ఆగి, డాక్టరు వైపు తిరిగింది.

"సార్, వీనికి పాలు పొయ్యచ్చునా? ముదిరిపోడు గదా?"

ఎవరూ నవ్వలేదు. అత్త మీద నా కోపం ఎటుపోయిందో తెలియదు. హరీష్ లేచి కూర్చుని నోరు తెరిచాడు.