ఇళ్లు తీసేసిన ఆదివారం

రోజూ పొద్దున్నే ఆమె ఆఫీసుకొచ్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, చెట్లు తీసేస్తుంది. విమానం నుంచి లేజర్‌తో కొలిచిన చిత్రంలో చెట్లు అడ్డం లేకపోతేనే నేల మిట్టపల్లాలు తెలుస్తాయి. చిత్రంలో పోయిన చెట్టు బయట కూడా పోతుంది. ఊళ్లోవాళ్లు గొడుగులు వేసుకుని తిరుగుతారు. సాయంత్రం ఆమె మళ్లీ పెట్టేస్తుంది. ఓసారి బడి ముందరి చెట్టును బారెడు పక్కకి పెట్టేసింది. హెడ్‌మాస్టరు గేటు కూడా అటు జరిపించుకున్నాడు తప్ప పల్లెత్తు మాట అనలేదు.

అలా చూస్తుండగా ఊరి పడమట ఒక మట్టికట్ట బయటపడింది. రాత పుట్టకముందు మనుషులు తట్టలతో మోసి పోసిన మట్టి అది, వంపు తిరిగి ఆమె ఉండే కాలనీ వైపు పోతోంది. సోమవారం దాన్ని తవ్వి రోడ్డు వేస్తారట. సగం కట్ట చూపిస్తే ఎవరైనా చెరువుగట్టే అంటారనీ, పూర్తి వలయం చూపిస్తే రోడ్డు మళ్లిస్తాననీ పెద్ద ఇంజనీరు తేల్చేశాడు. మిగతా సగం కాలనీ కింద ఉంది.

అయితే ఇళ్లు కూడా తీసేస్తానంది ఆమె. ఇంటింటికీ తిరిగి అడిగింది. గోడలూ కప్పులే కదా పోయేది, సామాన్ల మీద దుప్పట్లు కప్పుకుని ఆ పూటకి మైదానంలో కూర్చుంటాంలెమ్మన్నారు అందరూ. కుదరదన్నది ఒక్క అమ్మే. నాన్న పోయాక గది గడప దాటని మనిషి. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, ఈమెకి రచ్చ సులువైంది, ఇల్లే కొరకరాని కొయ్య అయింది. బతిమాలింది, అలిగింది, చివరికి మంచం పక్కన కూలబడింది.

"ఎంతమంది మోసుంటారో అమ్మా ఆ మట్టి. వాళ్ల తరఫున అడగడానికి నేను తప్ప ఎవరున్నారు?"

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నేను మాత్రం లేవను. గది కావాలంటే తీసుకో."

ఆదివారం ఆమె ఆఫీసులో కూర్చుని, ఇంజనీరు చూస్తుండగా, ఇళ్లన్నీ తీసేసింది. తెర మీద వలయం ఎక్కడా తెగకుండా నిండుగా కనిపించింది. అది సరిగ్గా అమ్మ గది కిందుగా పోతోంది. ఇంజనీరు చాలాసేపు చూసి, ఫోన్ తీసి, యంత్రాలు రానక్కర్లేదని చెప్పాడు. ఆమెకి ఏడుపొచ్చింది.

ఇళ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టేసి ఇంటికి పరిగెత్తింది. గది ఉంది, మంచం ఉంది, అమ్మ లేదు. కాలనీ చివరింటి వెనక, కట్ట మీద, చెప్పులైనా లేకుండా నడిచిపోతోంది.

"అమ్మా, గది పెట్టేశాను. పద పోదాం."

"నువ్వెళ్లు," అంది అమ్మ, ఆగకుండానే. "గోడ పోగానే కనిపించింది, ఇది తిరిగి తిరిగి మళ్లీ నా మంచం దగ్గరికే వస్తుందిగా. చుట్టూ చూసుకుని వస్తాను."