మొదటి ఆదివారం రొట్టె

శనివారం ఉదయం ఓవెన్ నాబ్ తిప్పి బటన్ నొక్కాను. టిక్ అన్న చప్పుడు రాలేదు. గ్యాసు మాత్రం సన్నగా బుసకొట్టింది. రెండోసారి నొక్కకుండా నాబ్ కట్టేశాను. ఓవెన్ తలుపూ కిటికీలూ తెరిచిపెట్టి, పది నిమిషాలు వరండాలో నిలబడ్డాను. ఎనిమిదో తరగతి పిల్లలకు దహనం పాఠంలో ఏటా చెప్పే మాటే ఇది. వెలగకపోతే మళ్లీ మళ్లీ నొక్కకూడదు. చేరిన గ్యాసును ముందు బయటకు పోనివ్వాలి.

మా అమ్మ హన్నా పోయి నలభై రెండు రోజులైంది. ప్రతి నెలా మొదటి ఆదివారం మా చర్చి సంఘంలో ప్రభువు బల్ల ఆరాధనలో పంచే పులియని రొట్టె పదకొండేళ్లుగా ఈ ఓవెన్‌లోనే కాలింది. పోయిన నెల ఎవరో రాజోలు బేకరీలో కొన్నారు. రేపటి రొట్టె నేను చేస్తానని, ఇవాళ బడికి సెలవు పెడతానని సంఘపెద్ద దేవసహాయంగారికి మాటిచ్చాను. ఆయన సరేనన్నట్టు "ఆయ్" అని, అక్కడితో ఆగలేదు.

"కుదరకపోతే మొగమాటపడకండి టీచర్‌గారు. సుప్రియ చేస్తానంటుంది."

సుప్రియ మా పక్కింటి కోడలు. నేను బడికి వెళ్లినప్పుడు అమ్మకు మందులు ఇచ్చేది. అందుకోసం ఇచ్చిన తాళంచెవి ఇంకా తన దగ్గరే ఉంది. నేను అడగలేదు, తను ఇవ్వలేదు. పోయిన నెలలోనే వాళ్లింటికి కరెంటు ఓవెన్ వచ్చింది. వరండాలో నిలబడ్డంతసేపూ ఈ రెండు సంగతులూ నా మనసులో పక్కపక్కనే ఉన్నాయి.

వాసన పూర్తిగా పోయాక లోపలికి వెళ్లాను. రబ్బరు గొట్టం అతుకులకు సబ్బునీళ్లు రాసి చూశాను. బుడగలు రాలేదు. పై పొయ్యిలు లైటర్‌తో వెలిగాయి. అంటే గ్యాసుంది. వాటిని ఆర్పి, బటన్ వెనక ఉన్న బ్యాటరీ మార్చాను. సిలిండర్ కట్టేసి, కర్టెన్లు లాగి, ఆ మసక వెలుతురులో బటన్ నొక్కి ఓవెన్ లోపలికి చూశాను. నిప్పురవ్వ లేదు. ఒక్కో కారణమూ కొట్టేస్తూ పోతే చివరికి ఒక కారణం మిగలాలి. నాకు ఒక మనిషి మిగులుతోంది.

గోడ అవతలి నుంచి సుప్రియ పిలిచింది.

"టీచర్‌గారూ, పిండి కలిపేరా?"

"ఇంకా లేదు."

"ఓవెన్ వెలిగిందాండి?"

ఓవెన్ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"ఎందుకడిగావు?"

"ఊరికేనండి" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

మెకానిక్‌కు ఫోన్ చేశాను. పదకొండింటికి చిన్నబ్బాయి అమలాపురం నుంచి మోటారు సైకిల్ మీద వచ్చాడు. పేరుకు చిన్నబ్బాయి, వయసు యాభై దాటింది.

"ఎన్నిసార్లు నొక్కేరండి?"

"గ్యాసు ఉండగా ఒక్కసారే."

"మంచి పని చేసేరు. మొన్నొకాయన ముప్పైసార్లు నొక్కి, ఆ తర్వాత అగ్గిపుల్ల గీసేడండి. మీసం ఒక పక్కే మిగిలింది. రెండోది కూడా తీయించేసుకోండి, బాగుంటారన్నాను. కోపమొచ్చింది ఆయనకి."

నేను నవ్వలేదు. అతను సిలిండర్ కట్టి ఉందో లేదో తనే చూసుకుని, ఓవెన్ అడుగు రేకు తీసి, టార్చి వేశాడు.

"వైరు ఊడిపోలేదండి. ఎవరో ఊడదీసేరు."

వెనక్కి తిరిగాను. సుప్రియ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నువ్వు తీశావా?" ప్రయోగశాలలో బీకరు పగిలినప్పుడు పిల్లల్ని అడిగే గొంతుతోనే అడిగాను.

"నేనా అండి?"

"తాళంచెవి నీ దగ్గరుంది. రొట్టె చేస్తానని దేవసహాయంగారితో అన్నావు."

"అన్నానండి. మీకు కష్టమవుద్దని అన్నాను. వైరు జోలికి పోలేదు."

"మరి ఓవెన్ వెలగలేదని నీకెలా తెలుసు?"

ఆమె తల దించుకుంది. నాకు అది చాలనిపించింది.

"ఉండండుండండి" అన్నాడు చిన్నబ్బాయి. వైరు కొస పట్టుకుని వెలుతురులోకి లాగాడు. దానికి గాయాలకు అంటించే ప్లాస్టరు చుట్టి ఉంది. "ఇది చూడండి. వేడికి అప్పడంలా అయిపోయింది. నిన్నా మొన్నా చుట్టింది కాదండి. ఏళ్లయ్యుంటది."

ప్లాస్టరు మూడు చుట్లు ఉంది. కొసను లోపలికి మడిచి అంటించారు. అలా మడవడం అమ్మ అలవాటు.

"బటన్ వదిలేసినా టిక్ టిక్‌మని ఆగకుండా కొట్టుకునేదండి" అంది సుప్రియ. "నాలుగేళ్ల కిందట హన్నమ్మగారే ఊడదీసేరు. అప్పట్నించీ అగ్గిపుల్లతోనే, మీరు బడికెళ్లేక. కాపురానికొచ్చిన దగ్గర్నించీ అగ్గిపెట్టె పట్టుకుని పక్కన నేను నిలబడేదాన్ని."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగం పర్మనెంటయినప్పుడు మీరు కొనిచ్చింది కదండి. పాడైందంటే మీరు నొచ్చుకుంటారని. చెప్పనని నాచేత ఒట్టేయించుకున్నారు."

అమ్మ కుడి మణికట్టు మీద ఎర్రటి మచ్చలు ఉండేవి. నూనె చిందిందనేది. సైన్సు చెప్పే నేను ఆ మాట నమ్మి ఊరుకున్నాను.

"వైరు తగిలించినా మళ్లీ అలాగే కొట్టుకుంటది. కొత్త పార్టు రాజమండ్రి నుంచి రావాలండి. సోమవారం" అన్నాడు చిన్నబ్బాయి.

"రేపటికి నేను వెలిగిస్తానండి" అంది సుప్రియ. "ముందు పుల్ల గీయాలి, తర్వాత నాబ్ తిప్పాలి. నాకలవాటే."

"వద్దమ్మా. ఆవిడ నాలుగేళ్లు వెలిగించేరంటే దేవుడి దయ, పద్ధతి కాదు. మాది ఓడలరేవు. గ్యాసు ప్లాంటు పక్కనే ఉండేవోళ్లం, దాంతో పంతాలకి పోం."

ఇద్దరూ నా వైపు చూశారు. రొట్టె ఈ ఇంట్లోనే కాలాలంటే ఆ ఒక్క దారే ఉంది. అగ్గిపెట్టె చెయ్యి చాస్తే అందే దూరంలో ఉంది. నేను వంగి రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్‌కు మూత బిగించాను.

"మీ ఓవెన్ ఖాళీగా ఉందా?" అని సుప్రియను అడిగాను.

"ఉందండి."

మధ్యాహ్నం పిండి డబ్బా పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. సుప్రియ వంటగట్టు మీద గుండ్రటి అల్యూమినియం ట్రే పెట్టింది. రొట్టె మీద గుర్తు పడేలా దాని అడుగున మేకుతో గీసిన సిలువ ఉంది. అది అమ్మ ట్రే. మా ఇంట్లో లేదన్న సంగతి కూడా నాకు తెలియదు. పొద్దున్నుంచి మోస్తున్న అనుమానం మళ్లీ లేచింది.

"సమాధి రోజున తెచ్చేసేనండి" అంది, నేను అడగక ముందే. "చుట్టాలు గిన్నెలు సర్దుకుంటున్నారు కదా, ఎవరైనా పట్టుకుపోతారని." ట్రే అంచు కొంగుతో తుడుస్తూ, "నాకూ కావాలనిపించిందండి" అంది.

ఆ రెండో మాట వల్ల మొదటి మాట నమ్మాను. పిండి పళ్లెంలో పోసి, నీళ్లు ఎన్ని పొయ్యాలని ఆమెనే అడిగాను.